శిలాపురిలో పిడికెడు మట్టి

బారెడు పొద్దెక్కేసరికి సారంగుడి ఎడ్లబండి శిలాపురి తూర్పు ద్వారం ముందు ఆగింది.

ఆ ద్వారాన్ని చూసి సారంగుడు నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూతపడడానికి చాలాసేపు పట్టింది. తాటిచెట్టంత ఎత్తున నల్లరాతి తలుపులు అద్దంలా మెరుస్తూ బండినీ, ఎడ్లనీ, మనిషినీ ఉన్నదున్నట్టు చూపిస్తున్నాయి. రెండు పక్కలా రాతి సింహాల నోళ్ళలోంచి పన్నీరు ధారకడుతోంది. లోపల వీధులన్నీ పాలరాతి పలకలు. వీధి పొడవునా పగడపు రంగు మంటపాలు, వాటి కింద పట్టు, ముత్యాలు, కర్పూరం, కొండతేనె. ఇంత అంగడిలో ఒక్క అరుపు లేదు, ఒక్క బేరం లేదు. నీలివాడ సంత గోలలో పుట్టి పెరిగిన సారంగుడికి ఆ నిశ్శబ్దం మహా మర్యాదగా తోచింది. ఇరవై రెండేళ్ళవాడు, మర్యాద చేస్తే పడిపోయే వయసు.

నీలివాడ అద్దకం పనివాళ్ళ పట్నం. అక్కడి నీలి గుడ్డకు ఏడు సముద్రాల అవతల కూడా పేరుంది. అయితే నాలుగేళ్ళుగా ఆ ఊరి బావులు ఉప్పుబారిపోయాయి. ఉప్పునీటిలో రంగు నిలవదు. ఊరు ఊరంతా మగ్గాలతో, రంగు తొట్లతో లేచిపోయి ఏదో ఒక ఇరుగు రాజ్యంలో కొత్తగా పని పెట్టుకోక తప్పదని పెద్దలు తీర్మానించారు. "నాలుగు రాజ్యాలూ తిరుగు నాయనా. నీళ్ళు చూడు, శాసనం చూడు, ఇచ్చిన మాట మీద ఎవరు నిలబడతారో చూడు. పున్నమికి నాలుగు వందల కుటుంబాలు బయలుదేరతాయి, నువ్వు చూపించిన దిక్కుకే" అని సారంగుణ్ణి పంపారు.

మూడేళ్ళ కిందట ఇదే పని మీద సారంగుడి తండ్రి విరూపాక్షుడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఏడాదికొక ఉత్తరం మాత్రం శిలాపురి నుంచి వస్తూనే ఉంది. ఇక్కడ అంతా క్షేమం, వ్యాపారం బహు బాగు, అందరూ కదిలి రండి అని ఆ ఉత్తరాల సారాంశం. భార్య గురించి గాని, కొడుకు గురించి గాని వాటిలో ఒక్క ముక్క ఉండేది కాదు. సారంగుడి తల్లి వాటిని చదివించుకుని పక్కన పెట్టేసేది.

దారిలో చూసిన మూడు రాజ్యాల సంగతీ సారంగుడి తాటాకుల్లో ఉంది. కనకాద్రిలో రాజుగారికి జలుబు చేస్తే ఆ రోజుకి శాసనాలన్నీ రద్దు. అతనున్న తొమ్మిది రోజుల్లో రాజుగారు ఆరు రోజులు తుమ్మారు. చంద్రవంకలో శాసనాలు చక్కనివే, తీర్పే రాదు. ఒక కొట్టు గోడ మీద తగాదా మూడు తరాలుగా నడుస్తోంది. ఈలోగా వాది మనవడూ ప్రతివాది మనవరాలూ పెళ్ళి చేసుకున్నారు, ఇప్పుడు ఒకే బండిలో వాయిదాకు వచ్చి చెరో పక్కా నిలబడుతున్నారు.

మూడోది తీగలకోన. అక్కడ ఉన్నది ఒకటే శాసనం. దాన్ని సరిహద్దులో చెట్టు బెరడు మీద చెక్కి పెట్టారు. "ఈ కోన మట్టి ఈ కోనదే. పిడికెడు పట్టుకెళ్ళినవాడు ఎక్కడున్నా మా వేరు వాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. 'నేనే తెచ్చాను' అని వాడు ఏ చోట ఒప్పుకుంటే ఆ చోట మా శాసనం చెల్లుతుంది. ఒప్పుకున్నవాడు బతికినంత కాలం రాణి మహావల్లికి చాకిరీ చెయ్యాలి." ఎల్ల దాటేటప్పుడు కాపలావాళ్ళు బండి చక్రాలు కడిగారు, ఎడ్ల గిట్టలు తోమారు, సారంగుడి చెప్పులు దులిపారు. మట్టంటే ఇంత పిచ్చా అని సారంగుడు నవ్వుకున్నాడు. బండి తోలే భీమప్ప మాత్రం నవ్వలేదు. చల్లగాలిలో కూడా ఆ ముసలాడికి చెమటలు కారిపోయాయి.

శిలాపురి ద్వారం దగ్గర లేఖరి ఎదురొచ్చి వంగి వంగి దండం పెట్టాడు. తెల్లటి చేతులు, సన్నటి గొంతు.

"దయచెయ్యండి. తమ వంటివారి కోసమే మా రాజ్యం ఉన్నది."

"సుంకం ఎంతండీ?" అన్నాడు సారంగుడు.

"సుంకమా? అది ఇరుగు రాజ్యాల మోటుతనమండీ. మా దగ్గర లేదు."

"పని పెట్టుకోవడానికి అనుమతి?"

"ఘడియలో ఇస్తాం. ఈసరికి అర ఘడియ అయిపోయింది కూడాను."

"రేపెప్పుడైనా తగాదా వస్తే?"

"రాదండీ. మూడు వందల పైచిలుకు పరదేశి వర్తకులు మా దగ్గర స్థిరపడ్డారు. ఇంతవరకూ ఒక్కరు ఫిర్యాదు అనేది చెయ్యలేదు. కావలిస్తే చిట్టా చూపిస్తాను."

సారంగుడి ప్రాణం లేచొచ్చింది. "మా నాన్నగారు విరూపాక్షులని, నీలివాడ నుంచి వచ్చారు. ఆయన్ని చూడాలి."

"మధ్యాహ్నం లోపల చూస్తారు. ముందు స్థలం చూసుకోండి" అని లేఖరి గుర్రమెక్కి దారితీశాడు.

స్థలం ఊరి చివర ఏటి ఒడ్డున ఉంది. సారంగుడు ఏట్లో దిగి దోసెడు నీళ్ళు తాగి చూశాడు. ఉప్పదనం లేదు, ఇనుప వాసన లేదు. నీలిరంగు కోసమే పుట్టినట్టున్నాయి ఆ నీళ్ళు. నాలుగు వందల తొట్లు వరసగా పాతితే ఎలా ఉంటుందో అతనికి కళ్ళ ముందు కనబడిపోయింది. స్థలం అంచున జానెడెత్తు పీఠాల మీద వరసగా హద్దురాళ్ళు నిలిపి ఉన్నాయి. ఒక్కో రాయినీ మనిషి రూపంగా చెక్కారు. శిల్పి చెయ్యి గొప్పదే అనుకుని సారంగుడు అటు మళ్ళీ చూడలేదు.

"ఇక తమ ఆచారం ఏదైనా ఉంటే కానివ్వండి" అన్నాడు లేఖరి, ఎటో చూస్తూ.

ఆచారం ఉంది. నీలివాడవాళ్ళు ఏ ఊళ్ళో పని మొదలుపెట్టినా ముందుగా తమ ఊరిమట్టి పిడికెడు అక్కడి మట్టిలో కలిపి, నీళ్ళు చల్లి, కాలితో తొక్కుతారు. అది కాకుండా తొట్టిలో చెయ్యి పెట్టరు. అందుకే ప్రతి ప్రయాణంలోనూ ముద్ర వేసిన ఊరిమట్టి సంచీ ఒకటి బండితోపాటు వెళుతుంది. దాన్ని కాపాడడం బండి తోలేవాడి పని. సంచీ పోగొట్టుకున్నవాణ్ణి మళ్ళీ ఏ బండీ ఎక్కనివ్వరు.

"భీమప్ప మామా, సంచీ ఇయ్యి."

భీమప్ప ఎడ్ల మెడలు సవరిస్తూ నిలబడిపోయాడు. "ఇప్పుడే ఎందుకు చిన్నయ్యా? అన్నం తిన్నాక చూసుకుందాం."

"మట్టి కలపకుండా అన్నం ఎలా తింటాం? నీకు మతిపోయిందా ఏమిటి?"

ముసలాడు తలెత్తకుండా సంచీ అందించాడు. సారంగుడు ముద్ర విప్పి పిడికిట్లోకి ఒంపుకున్నాడు. ఊరిమట్టి బూడిద రంగులో ఉండాలి. ఇది ఎర్రగా ఉంది.

"ఇదేమిటి ఇలా ఉంది?"

"ఏరు దాటేటప్పుడు తడిసింది కదయ్యా. తడికి రంగు మారుంటది."

రంగుల సంగతి తెలిసినవాడు ఆ మాట నమ్మకూడదు. ఆ మంచినీళ్ళ సంబరంలో ఉన్న సారంగుడు నమ్మాడు. మట్టి కలిపి, నీళ్ళు చల్లి, కుడికాలితో మూడుసార్లు తొక్కాడు.

లేఖరి నడుముకున్న శంఖం తీసి ఊదాడు.

ఆ ఊదుడికి ఉలిక్కిపడి సారంగుడు వెనక్కి అడుగు వేశాడు. చెయ్యి వెళ్ళి పక్కనున్న హద్దురాయికి తగిలింది. తగిలిన చోటుకి యథాలాపంగా చూశాడు. రాతి మనిషి చేతులు ముందుకు చాచి ఉన్నాయి. రాయంతా బూడిద రంగు. చేతి గోళ్ళు మాత్రం నీలంగా ఉన్నాయి.

అద్దకంవాడి గోళ్ళకు పట్టిన నీలం చచ్చినా పోదు. ముప్పై ఏళ్ళు తొట్టిలో చేతులు పెట్టినవాడి గోళ్ళు అవి. సారంగుడు మెల్లగా తలెత్తాడు. ఎడమ కనుబొమ మీద గాటు, కిందికి వంగిన మీసం, ఒకవైపు కొద్దిగా సాగిన చెవి. చిన్నప్పుడు ఎన్నోసార్లు పట్టుకుని వేలాడిన చెవి అది.

"నాన్నా" అన్నాడు సారంగుడు.

పక్క రాయిని చూశాడు. ముత్యాల వర్తకుడి తలపాగా. దాని పక్కది గుర్రాల బేరగాడు. ఏటి ఒడ్డు పొడవునా, కొండ మలుపు దాకా, కనుచూపు మేర రాళ్ళు. ఫిర్యాదు చెయ్యని మూడు వందల మంది వర్తకులు బారులు తీరి నిలబడి ఉన్నారు.

అంతలో నేల అదిరింది. రాతి ఏనుగు ఒకటి దడదడ అడుగులు వేస్తూ వచ్చింది. దాని వెనక రాతి సైనికులు వెయ్యిమంది, కళ్ళు లేని ముఖాలతో. ఏనుగు మీద అశ్మకేతుడు కూర్చుని ఉన్నాడు. శిలాపురికి రాజు పేరుకే, ఏలేది ఈ మాంత్రిక మంత్రి. బక్కపలచని మనిషి, చేతిలో పగడపు దండం, పెదవుల మీద ఆవులింతలాంటి చిరునవ్వు.

"శాసనం చదువు" అన్నాడు లేఖరితో.

లేఖరి రాగయుక్తంగా చదివాడు. "ఎవ్వడు తన ఊరిమట్టిని స్వహస్తమున శిలాపురి మట్టిలో కలుపునో వాడు శిలాపురికి హద్దురాయి యగును. ఒకే రక్తమున ఇద్దరు కలిపినచో ఆ మట్టి పుట్టిన ఊరును శిలాపురియే యగును. అచటి నీరు, నేల, జనము మంత్రివర్యుల సొత్తు."

సారంగుడు అశ్మకేతుడి ముఖంలోకి చూశాడు. "ఈ శాసనం ద్వారం దగ్గర ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు" అన్నాడు అశ్మకేతుడు. "సుంకం అడిగావు, అనుమతి అడిగావు, తగాదాల గురించి అడిగావు. శాసనం చూపించమని ఒక్కసారైనా అన్నావా? మీ నాన్నా అనలేదు. నీళ్ళు బాగుంటే చాలు మీకు."

"మరి ఆ ఉత్తరాలు?"

"నావే. చేతిరాత కుదరడానికి నెల రోజులు పట్టింది. నువ్వు రావడానికి మూడేళ్ళు పట్టింది. మీ ఇంటి నుంచి రెండోవాడు రాకపోతే నీలివాడ నాకెలా దక్కుతుంది? నాలుగు వందల కుటుంబాలను అక్కడే రాళ్ళు చేస్తే ఈ రాజ్యం హద్దు సముద్రం దాకా వెళుతుంది."

సారంగుడికి తల్లి గుర్తొచ్చింది. పున్నమి కోసం మూటలు కట్టుకుంటున్న ఊరు గుర్తొచ్చింది. వాళ్ళందరి నెత్తిన బండ వేసింది ఈ కుడికాలే కదా అనుకుని దాన్ని చూసుకుంటూ నిలబడిపోయాడు. అది రాయి కావడానికి సిద్ధంగా ఉన్నాడు.

అది రాయి కాలేదు.

అశ్మకేతుడు దండం ఆడించాడు. ఏమీ జరగలేదు. రెండోసారి ఆడించాడు. సారంగుడి కాలి బొటనవేలు మీద ఈగ వాలితే వేలు కదిలి ఈగ ఎగిరిపోయింది. మాంత్రికుడి చిరునవ్వు జారిపోయింది. లేఖరి చేతిలోని శాసనపత్రం గాలికి ఎగిరిపోతుంటే కూడా పట్టుకోలేదు.

ధబ్బున భీమప్ప నేల మీద పడ్డాడు.

"నన్ను చంపెయ్యి చిన్నయ్యా. అది మన మట్టి కాదు. తీగలకోనలో ఏరు దాటుతుంటే సంచీ ముడి ఊడిపోయింది. మట్టంతా నీళ్ళపాలైపోయింది. నలభై ఏళ్ళు తోలిన బండి దింపేస్తారని భయమేసి ఆ ఒడ్డునే పిడికెడు ఎర్రమట్టి తీసి నింపేశాను. బండిలో ఉన్న మన ముద్రే మళ్ళీ వేశాను. కాపలావాళ్ళు ముద్ర చూసి విప్పలేదు. చెబుదామంటే నోరు పెగల్లేదు."

కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో, నవ్వు వచ్చిందో సారంగుడికే తెలియలేదు. ముసలాడి మోసం వల్ల నీలివాడ బతికింది. ఆ వెంటనే చెట్టు బెరడు మీది శాసనం గుర్తొచ్చింది.

ఊరివైపు వీధిలో పాలరాతి పలకలు పటపట పగిలాయి. పగుళ్ళలోంచి ఎర్రటి వేళ్ళు పైకి లేచాయి. ఒకటి రాతి ఏనుగు కాలికి చుట్టుకుని లాగితే కాలు విరిగి ఏనుగు ఒరిగింది. అశ్మకేతుడు కింద పడి దుమ్ము కొట్టుకుపోయాడు. రాతి సైనికులు కత్తులు ఎత్తారు. ఎత్తిన కత్తులను ఎత్తినట్టే తీగలు బిగించేశాయి. వేళ్ళన్నీ ఒకచోట పెనవేసుకుని గద్దెలా లేచాయి. దాని మీద ఆకుపచ్చ చీరలో నిలువెత్తు స్త్రీ నిలబడి ఉంది. జుట్టు మోకాళ్ళ దాకా ఉంది, అందులో పిట్టలు కూర్చున్నాయి.

"నా మట్టి ఇక్కడికి ఎవరు తెచ్చారు?" అంది రాణి మహావల్లి.

శంఖం విని వచ్చిన అంగడి జనమంతా సారంగుడి వైపు చూపించింది. భీమప్ప పాకుతూ ముందుకు వచ్చాడు. "తల్లీ, నేను తెచ్చాను. నన్ను పట్టుకుపో."

"మట్టి ఈ నేలలో కలిశాక, కలిపిన చెయ్యే మాట్లాడాలి" అంది రాణి. "వాడు ఒప్పుకుంటేనే నా శాసనం ఇక్కడ చెల్లుతుంది. లేకపోతే నా వేరు వచ్చిన దారినే పోతుంది. నువ్వు చెప్పు అబ్బాయీ. ఇది ఎక్కడి మట్టి?"

అశ్మకేతుడు దుమ్ము దులుపుకుని లేచాడు. ఈసారి గొంతు తేనెలా ఉంది. "తొందరపడకు నాయనా. ఇది నీలివాడ మట్టి అని ఒక్క మాట అను. ఆ మాట నీ నోట వస్తే నా శాసనానికి చాలు. ఈవిడ వెళ్ళిపోతుంది. నిన్ను రాయిగా మార్చను, మీ నాన్నను విడిచిపెడతాను. ఇద్దరూ ఇంటికి వెళ్ళండి. కావాలంటే చూడు."

దండం వెళ్ళి విరూపాక్షుడి నుదుటికి తగిలింది. రాతి కనురెప్పలు వణికి తెరుచుకున్నాయి. పెదవులు రాయిగానే ఉన్నాయి. కళ్ళు మాత్రం తడిగా, నల్లగా, ప్రాణంతో ఉన్నాయి. మూడేళ్ళ తరవాత తండ్రి చూపు తన మీద పడేసరికి సారంగుడు నిలవలేక ఆ రాతి చేతులు పట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి.

"ఇంటికి పోదాం నాన్నా" అన్నాడు, ఏడుస్తూ.

విరూపాక్షుడి కళ్ళు కొడుకు ముఖం మీద కాసేపు ఆగాయి. తరవాత కిందికి వెళ్ళాయి. తొక్కిన ఎర్రమట్టిని చూశాయి. ఆ తరవాత మళ్ళీ కొడుకును చూసి, తమంతట తామే మూసుకున్నాయి.

ఇరవై ఏళ్ళు ఊరికి పెద్దగా ఉన్న మనిషి మాట నోటితో చెప్పకపోయినా కొడుక్కి అర్థమైంది. సారంగుడు చేతులు వదిలి, కళ్ళు తుడుచుకుని, రాణి వైపు తిరిగాడు.

"ఇది తీగలకోన మట్టి. నేనే తెచ్చాను."

అశ్మకేతుడి చేతిలో పగడపు దండం ముక్కలై రాలింది. మాంత్రికుడు తన చేతిని నమ్మలేనట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మట్టి పుట్టిన ఊరూ, అది కలిసిన ఊరూ ఒకటే రాజ్యమని నువ్వే కదా రాసుకున్నావు" అంది రాణి అతనితో. "నా మట్టి కలిసింది, కలిపినవాడు ఒప్పుకున్నాడు. అయితే ఇది నా రాజ్యం. నీ సంగతి తరవాత." ఆమె సారంగుడి వైపు తిరిగింది. "మా కోనలో చాకిరీ అంటే ఏమిటో నీకు తెలుసా?"

"తెలియదు తల్లీ. ఈ రాళ్ళన్నీ మళ్ళీ మనుషులయ్యేది ఎలాగ?"

"అది నా శాసనంలో లేదు. ఈ రాతి బంధం విప్పే మాట ఎక్కడుందో నాకూ తెలియదు." వేరు ఒకటి వచ్చి సారంగుడి నడుముకు చుట్టుకుంది. "నడు."

"ఒక్క క్షణం" అని సారంగుడు మెడ తిప్పాడు. "మామా, ఏడవకు. పున్నమికి ఆరు రోజులుంది. బండి వదిలెయ్, లేఖరి గుర్రం ఎక్కి పో. ఊళ్ళో ఒక్క తొట్టి కూడా కదలకూడదు. ఉత్తరాలు నాన్నవి కావని అమ్మకు చెప్పు."

"నాకు గుర్రం ఎక్కడం రాదు చిన్నయ్యా."

"దారిలో వచ్చేస్తుంది."

నేల తెరుచుకుంది. వేళ్ళు సారంగుణ్ణి మోకాళ్ళ దాకా, నడుము దాకా, మెడ దాకా లోపలికి లాగాయి. ఎర్రమట్టి తల మీదికి పొర్లింది. వెలుతురు సన్నటి గీతగా మిగిలి, ఆ గీత కూడా మూసుకుపోయింది.

నీలివాడలో విరూపాక్షుడికి ఒక అలవాటు ఉండేది. రంగు కుదిరిందని తెలియగానే తొట్టి అంచు మీద గోటితో మూడుసార్లు కొట్టేవాడు. ఆ చప్పుడు వింటే చాలు, ఇంట్లో ఉన్న సారంగుడు గుడ్డలు మోసుకుని పరిగెత్తేవాడు.

చీకట్లో కిందికి, ఇంకా కిందికి జారిపోతున్న సారంగుడికి పైనుంచి, రాతి మీద గోరు తగిలినట్టుగా, మూడు చప్పుళ్ళు వినిపించాయి.